మురోయి కొలత

"ఇల్లు వదిలి వెళ్ళావు. సరే. వెళ్ళేదానివి ఇంటిపేరు గుమ్మంలో పెట్టి వెళ్ళాలిగా."

ఇదే మాట సుమియె తలుపు దగ్గర చెప్పులు విడుస్తూ అంది, టీ కప్పు అందుకుంటూ అంది, టీ చల్లారిపోయాక ఇప్పుడు మళ్ళీ అంది.

చిగుసా హిమేజీలో ఈ అద్దె ఇంటికి మారాక అత్తగారు రావడం ఇదే మొదలు. ఎక్కడికి వెళ్ళినా తమ కొట్టు సోయా సాస్ సీసా ఒకటి గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళే మనిషి. ఇవాళ ఒట్టి చేతులతో వచ్చింది. అది చూసినప్పుడే ఇది మామూలు రాక కాదని చిగుసాకు తెలిసింది.

కిటికీ పక్కన యసుహికో నిలబడ్డాడు. తల్లిని కారులో తీసుకొచ్చింది అతనే. వచ్చినప్పటి నుంచి ఎదురుగా ఉన్న కోట గోడను చూస్తున్నాడు. చూస్తే అదేదో అతను కొనబోయే ఇల్లనుకోవాలి.

విడాకుల కాగితం మీద ముద్ర పడిన నాడే చిగుసా నగర కార్యాలయం కుటుంబ రిజిస్టరు రాతలో మళ్ళీ పుట్టింటి ఇసొగై అయిపోయింది. చట్టం అంతే. మురోయి అన్న పేరు ఉంచుకోవాలనుకుంటే మూడు నెలల్లోపు నగర కార్యాలయంలో చెప్పాలి. అత్తింటి ఒప్పుదలతో పనిలేదు. ఆ గడువు మంగళవారంతో సరి. ఇవాళ శనివారం.

ఎవరి ఒప్పుదలా అక్కర్లేదని తెలుసు కనుకే సుమియె అడగడానికి స్వయంగా వచ్చింది.

"ఆ పేరు నా పని మీద ఉంది అత్తయ్యగారూ," అంది చిగుసా చివరికి. "పెళ్ళయ్యాక నేను రాసిన వ్యాసాలన్నిటి మీదా ఉంది. ఎవరైనా మురోయి అని వెతికితేనే నేను దొరుకుతాను."

"నువ్వు దొరకడానికి మా పేరెందుకు? మీ నాన్న నీకు పేరివ్వలేదా?"

"ఇచ్చారు. ఆ పేరుతో పెళ్ళికి ముందు ఒక వ్యాసం రాశాను. అది ఇప్పుడు ఒసాకాలో ఎవరో పళ్ళ డాక్టరు ఖాతాలో ఉంది. ఆయనా సి. ఇసొగైయేనట. కంప్యూటరు ఇద్దర్నీ కలిపేసింది. సరిచెయ్యమని రాసీ రాసీ విసిగిపోయాను."

యసుహికో నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

"పరిశోధకులకి ఏదో నంబరిస్తారన్నావు కదా ఒకసారి," అన్నాడు కిటికీ వైపే చూస్తూ. "పేరు మారినా అన్నీ దాని కిందికే వస్తాయని."

"వస్తాయి. కానీ నంబరు పెట్టి నన్నెవరూ పిలవరు. సెండై విశ్వవిద్యాలయం వాళ్ళు నన్ను పిలిచింది మురోయి అని విని. వచ్చే నెల వాళ్ళ ముందు కూర్చోవాలి. అది మామూలు ఉద్యోగం కాదు, ఆచార్య పదవి. అక్కడికి ఇసొగై అనే మనిషి వెళ్తే, ఈవిడెవరు, ఏం రాసింది అని మొదటి నుంచీ చెప్పుకోవాలి."

"పనిలో మురోయి అని, రాతలో ఇసొగై అని ఉండేవాళ్ళు లేరా?" అన్నాడు యసుహికో.

"ఉన్నారు. నా దగ్గర చదివిన అమ్మాయి అలాగే ఉంది. కిందటేడు లిస్బన్‌లో సభకు వెళ్తే ఆహ్వానంలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు అని గుమ్మంలోనే ఆపేశారు. మధ్యాహ్నం దాకా నేను ఆవిడనే అని ఋజువు చేసుకుంటూ కూర్చుందట."

"పనిలోనూ వద్దు," అంది సుమియె. కప్పు బల్ల మీద పెట్టింది. "నేనడిగేది అదే. రాతలో నువ్వేమైనా పెట్టుకో. ఆ పేరు లోకం నోట్లోంచి తీసెయ్యి."

చిగుసాకు అర్థం కాలేదు.

"కిందటి నెల మోకాళ్ళ నొప్పులకని ఆసుపత్రికి వెళ్ళాను. పెద్దవాళ్ళందరినీ అడుగుతున్నామని ఒక నర్సు వచ్చి పక్కన కూర్చుంది. ఏవేవో ప్రశ్నలు. అన్నిటికీ చెప్పాను. చివర్న వేళ్ళ మీద కూడుకుని, 'మురోయిగారూ, మీ మురోయి కాస్త ఎక్కువగా ఉందండీ' అంది. పక్క కుర్చీలో మా వీధి టోఫు కొట్టావిడ. పకపకా నవ్వింది."

పై అంతస్తులో ఎవరో పియానో మీద ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు.

"మా మామగారి తాత నాటి నుంచీ తత్సునో ఊళ్ళో మురోయి అంటే లేత రంగు సోయా సాస్. సీసా మీద ఆ పేరుంటే మూత తీసి వాసన చూడక్కర్లేదనేవారు. ఇప్పుడు మురోయి అంటే ఏమిటి? ఒంటరితనం. ఏ దేశంలో ఎవరు దిక్కులేక ఏడ్చినా మా పేరు పెట్టి కొలుస్తున్నారు. ఎంత ఏడిస్తే అంత మురోయి."

చిగుసా తల దించుకుంది. మనసులో ఉన్నదాన్ని అంకెల్లోకి తెచ్చే శాస్త్రం ఆమెది. మనిషి చెప్పిన జవాబును ఎంతవరకు నమ్మొచ్చో గణితంతో తేల్చడం ఆమె పని. నిండు ఇంట్లో ఉంటూ ఒంటరిగా ఉన్నవాళ్ళను గుర్తుపట్టడానికి ఆమె ఇరవై ప్రశ్నలు తయారుచేసింది. దానికి ఇంత పొడుగు పేరు పెట్టింది. వాడినవాళ్ళు ఆ పేరును కత్తిరించి మురోయి కొలత అన్నారు. పుణ్యమో పాపమో, అదే నిలిచింది. కొరియాలో, ఫిన్లండులో, ఆమె ఎన్నడూ చూడని ఊళ్ళలో ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఆ ప్రశ్నలే అడుగుతున్నారు.

"ఏడో ప్రశ్న నాదేగా," అంది సుమియె గొంతు తగ్గించి.

చిగుసా తలెత్తింది.

"'నేను లేకపోయినా ఈ ఇంట్లో అన్నం వేళకే ఉడుకుతుంది.' మీ మామగారు పోయిన ఏడు, నువ్వు బియ్యం కడుగుతుంటే వెనక నిలబడి అన్నాను. నీతో అన్నాననుకున్నాను. నువ్వు లోకానికంతటికీ చెప్పావు. ఆ నర్సు నా మాట నాకే చదివి, అవునా, కాదా, ఎప్పుడైనానా అని అడిగింది."

ఆ ఇరవైలో అన్నిటికన్నా బాగా పనిచేసే ప్రశ్న అదే. ఏ భాషలోకి మార్చినా దాని పదును తగ్గలేదు. దాని మీదే చిగుసా వేరే ఒక వ్యాసం రాసింది. ఆ వ్యాసం ఆమెకు రెండు బహుమానాలు తెచ్చిపెట్టింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఏ వ్యాసంలోనూ రాయలేదు.

"మీరేం చెప్పారు?" అంది.

అడగాలని అడగలేదు. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

సుమియె బల్ల అంచు పట్టుకుని లేచింది. మోకాళ్ళు సహకరించలేదు. చిగుసా చెయ్యి అందించబోతే విదిలించుకుంది.

"చూశావా యసుహికో. ఇప్పుడు కూడా ఈవిడకి నా లెక్క కావాలి."

*

తల్లిని కారులో కూర్చోబెట్టి యసుహికో మళ్ళీ పైకి వచ్చాడు. మందుల సంచి మర్చిపోయిందట. సంచి కుర్చీ పక్కనే ఉంది. అతను దాన్ని తీసుకోకుండా నిలబడ్డాడు.

"మీ అమ్మకి మీరు ఒక్క మాట చెప్పలేదు," అంది చిగుసా.

"ఎవరి తరఫున మాట్లాడమంటావు?"

"పెళ్ళయిన నాటి నుంచీ ఇదే జవాబు."

"జవాబు మార్చడానికి నువ్వు ప్రశ్న మార్చలేదుగా." కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించాడు. "చిగుసా, నీకు నా పేరు కావాలి. నేనే అక్కర్లేకపోయాను. మధ్యలో నేను మాట్లాడటానికేముంది?"

"మిమ్మల్ని అక్కర్లేదని నేనెప్పుడూ అనలేదు. మీరు ఇంట్లో ఉన్నారో లేదో తెలిసేది కాదు, అంతే."

"మరి ఆ కొలత నా మీద పెట్టి చూడకపోయావా?"

అది వెక్కిరింతో నిజంగా అడుగుతున్నాడో ఆమెకు తెలియలేదు. అతనికీ తెలిసినట్టు లేదు. వంగి సంచి తీసుకున్నాడు.

"పిల్లేది, మినొరి?"

"మురొత్సులో, మా నాన్న దగ్గర. పరీక్షలైపోయాయి కదా, గురువారమే వెళ్ళింది. నేను సోమవారం సాయంత్రం వెళ్తున్నాను."

"దానికి ఏ పేరు ఇష్టమో అడిగావా?"

"దాని పేరు మారదుగా. అది మీ రాతలోనే ఉంది, మురోయిగానే ఉంటుంది. నేను మారిపోతేనే చిక్కు. ఈ తలుపు మీద రెండు పేర్లు రాసుకోవాలి. బళ్ళో తల్లి పేరు వేరేమిటని అడుగుతారు."

"అడిగావా అని అడిగాను."

చిగుసా వెళ్ళి గుమ్మం తలుపు తీసింది.

"అమ్మ కోపం సంగతి వదిలెయ్," అన్నాడు చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "ఆవిడకి ఇప్పుడున్న ఆశ మినొరి ఒక్కతే. చదువైపోయాక కొట్టు మినొరి చూసుకుంటుందని ఊరందరితో చెప్పుకుంటోంది. సాస్ పులిసే పీపాల గదిలో కొత్త కుర్రాళ్ళకి దాని ఫోటో చూపిస్తోంది, రేపటి యజమాని అని. నేను ఎలాగూ పనికిరానని తేల్చేసింది."

కింద కారు హారను మోగింది. సుమియె చెయ్యి చాచి నొక్కినట్టుంది. యసుహికో మెట్లు దిగిపోయాడు.

*

ఆదివారం చిగుసా ఇంట్లోంచి కదలలేదు.

రోజూ పొద్దున్నే కొందరు వాతావరణం చూసుకుంటారు. ఆమె తన లెక్క చూసుకుంటుంది. తన వ్యాసాలను నిన్నటికీ ఇవాళ్టికీ కొత్తగా ఎవరు ఉటంకించారో ఆ పేజీలో తెలుస్తుంది. ఆ రోజు కూడా తెరిచింది. మురోయి అన్న పేరు కింద వ్యాసాలు మెట్లు మెట్లుగా కనిపించాయి. పై మెట్టు మీద ఆ ఇరవై ప్రశ్నలది. పక్కన అంకె మళ్ళీ పెరిగింది.

పెరగడానికి కారణం ఎవరో బ్రెజిల్ ఆయన. మురోయి కొలత తమ దేశంలో పనిచెయ్యదని, అక్కడివాళ్ళు ఒంటరిగా ఉన్నా ఒప్పుకోరని ముప్ఫై పేజీలు రాశాడు. అయినా లెక్కలో ఒకటి పెరిగింది. మెచ్చుకున్నా తిట్టినా అక్కడ ఒకటే.

మినొరి చిన్నప్పుడు ఒకసారి వెనక నుంచి తొంగిచూసి అడిగింది. "అమ్మా, నిన్ను తిట్టినవాళ్ళు కూడా ఇందులో కలుస్తారా?"

"కలుస్తారు."

"అయితే నేనూ ఒకటి రాస్తా."

అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వు రాలేదు. ఆ పేజీ మూసి, బల్ల మీద అత్తగారు వదిలేసిన కప్పు కడిగి బోర్లించింది.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ నగర కార్యాలయానికి వెళ్ళింది. కిటికీ వెనక గుమాస్తా వయసులో చిన్నవాడు, చాలా మర్యాదస్థుడు.

"ఈ కాగితం ఒకసారి ఇచ్చాక మనసు మార్చుకోవడం కష్టమండీ. మళ్ళీ పుట్టింటి పేరు కావాలంటే కోర్టుకు వెళ్ళి కారణం చెప్పుకోవాలి. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నాను."

"రేపటి దాకా గడువుంది."

"అక్కర్లేదు."

కూతురి కోసం, అని చెప్పుకుంది సంతకం పెడుతూ. తల్లీ కూతుళ్ళం ఒకే పేరు మీద ఉండాలి, దానికి ఇంకే కారణం కావాలి? ఆ మాట అబద్ధం కాదు. అయితే సెండైలో తన గురించి మాట్లాడుకోబోయే మనుషుల మొహాలు కూడా ఆ క్షణంలో ఆమె కళ్ళ ముందున్నాయి. రెంటిలో ఏది బరువో తూచి చూడగల విద్య ఆమె చేతిలోనే ఉంది. తూచలేదు.

*

అబొషి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మురొత్సు రేవులో దిగేసరికి ఎండ ఇంకా నీళ్ళ మీదే ఉంది. ఆల్చిప్పల కాలం. షెడ్లన్నిటిలోంచి ఆవిరి, ఉప్పువాసన వస్తున్నాయి. ఎవరి షెడ్డు ముందు చూసినా చిప్పల గుట్టలే.

చిగుసా తండ్రి తమెజో తన షెడ్డులో పీట మీద కూర్చుని చిప్పలు తెరుస్తున్నాడు. డెబ్భై అయిదు దాటినా ఆయన చేతిలో కత్తి తడబడదు. పక్కన మినొరి, తాత రబ్బరు ఏప్రను కట్టుకుని, తెరిచిన ఆల్చిప్పల మాంసాన్ని ఉప్పునీళ్ళలో కడుగుతోంది. జుట్టు పైకి కట్టేసుకుంది. దాన్ని అలా చూస్తే చిగుసాకు పోయిన తల్లి గుర్తొచ్చింది.

"వచ్చావా," అన్నాడు తమెజో. "పొయ్యి మీద నాలుగు వేశాను. విచ్చుకోగానే తిను."

చిగుసా కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననుకుంది.

"నాన్నా, కాగితం ఇచ్చేశాను. మురోయిగానే ఉంటాను."

కత్తి ఆగింది.

"ఎప్పుడిచ్చావు?"

"ఇవాళ మధ్యాహ్నం."

తమెజో మనవరాలి వైపు చూశాడు. మినొరి నీళ్ళలోంచి చేతులు తియ్యకుండా ఆయన వైపు చూసింది. ఇద్దరి మధ్యా ఏం నడిచిందో చిగుసాకు అందలేదు.

"తిట్టాలనుంటే తిట్టండి. ఊరుకుంటే నాకింకా కష్టంగా ఉంటుంది."

"తిట్టడానికేముందమ్మా. పెళ్ళిలో మేమిచ్చాం, వాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు వాళ్ళే వెనక్కి పంపుతుంటే నువ్వు రానంటున్నావు." ఆయన ఇంకో చిప్ప తీసుకున్నాడు, తెరవలేదు. "ఇసొగై అన్న మాట నీ నోటికి అంత చేదయిందా?"

"చేదు కాదు. అది నాకు పనికిరాదు నాన్నా, అంతే."

అన్నాక తెలిసింది ఏమన్నదో. తమెజో ఆ మాటను నోట్లోనే ఒకసారి అనుకుని చూశాడు.

"పనికిరాదు. ఈ రేవులో ఆ పేరు చెబితే తుపాను రోజున కూడా ఎవరో ఒకరు తాడు విసిరేవాళ్ళు. మీ అమ్మ చివరిదాకా, ఒక్కగానొక్క పిల్ల, పేరు దీనితో పోతుందేమోనని... సరేలే. చదువుకున్నదానివి. నీ లెక్కలు నీకుంటాయి."

"నా ఒక్కదాని లెక్క కాదు నాన్నా. మినొరి కోసం కూడా. అది మురోయి. నేనూ అదే పేరుతో ఉంటే ఇద్దరం ఒక గూటి కింద ఉన్నట్టుంటుంది."

మినొరి చేతులు నీళ్ళలోంచి తీసి ఏప్రనుకు తుడుచుకుంది.

"నా కోసం అనకమ్మా."

"నిజమే చెబుతున్నాను."

"నిజమైతే నన్నడిగేదానివి. మొన్న అడగొచ్చు, నిన్న అడగొచ్చు, ఇవాళ బస్సెక్కే ముందు ఒక ఫోను చెయ్యొచ్చు. ముక్కూమొహం తెలీనివాళ్ళని వేలమందిని ఇరవై ప్రశ్నలు అడుగుతావు. నన్ను ఒక్కటి అడగవు."

"మినొరీ," అన్నాడు తమెజో. "మెల్లగా."

"మెల్లగానే అంటున్నా తాతా."

నిజంగానే మెల్లగా అంటోంది. చిగుసా పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుంది.

"నేను మురోయిని కాదమ్మా. శుక్రవారం నుంచి కాదు."

"అంటే?"

"తాత నన్ను దత్తత తీసుకున్నాడు. ఇద్దరం వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చాం. పక్క షెడ్డు బాబాయి, పిన్ని సాక్షులు. ఇప్పుడు నేను ఇసొగై మినొరిని."

చిగుసా తండ్రి వైపు తిరిగింది. ఆయన కాదంటాడేమోనని చూసింది. ఆయన కళ్ళు దించుకున్నాడు.

"కుదరదు. నా సంతకం లేకుండా ఎలా కుదురుతుంది? దానికింకా పదహారే."

"పదిహేను దాటితే నా సంతకం చాలు. తాత మనవరాలిని తీసుకుంటే కోర్టు కూడా అడగదు. అక్కడి గుమాస్తా నమ్మలేక పుస్తకం తెరిచి చూసి, లోపలికెళ్ళి ఎవర్నో అడిగి వచ్చి, అప్పుడు ముద్ర వేశాడు."

"నాన్నా, మీరు..."

"అమ్మకి చెప్పి చేద్దామనే అన్నాను," అన్నాడు తమెజో. "'చెబితే నా కోసమే మురోయిగా ఉంటానని కూర్చుంటుంది తాతా' అంది. 'నా పేరు సంగతి తేలిపోతే అమ్మ తన ఇష్టం తాను చూసుకుంటుంది' అంది. నాకు అందులో న్యాయం కనిపించింది." ఆయన కత్తి గట్టు మీద పెట్టాడు. "ఆశ కూడా ఉందిలే. లేదని ఎందుకనాలి. మీ అమ్మకి దీపం పెట్టే ఇంట్లో ఆ పేరుతో ఇంకొకరున్నారని."

"మరి నాకు శుక్రవారమే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు సోమవారం వస్తానన్నావుగా," అంది మినొరి. "ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాం. మంగళవారం దాకా గడువుందిగా. నువ్వు ముందే ఇచ్చేసి వస్తావని ఎలా అనుకుంటాం?"

పొయ్యి మీద చిప్ప ఒకటి టప్పుమని విచ్చుకుంది. ఎవరూ దాని వైపు చూడలేదు.

చిగుసా మధ్యాహ్నం నుంచి జరిగినదంతా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది. గుమాస్తా చెప్పాడు, రేపటి దాకా ఉందని. తను అక్కర్లేదంది. ఇప్పుడు ఈ ముగ్గురిలో మురోయి తనొక్కతే. ఆ ఇంటి రక్తం బొట్టు కూడా లేని మనిషి.

"రాతలో ఇప్పుడు నువ్వు నాకు అక్కవి, తెలుసా," అంది మినొరి. నవ్వాలని చూసింది. "ఇసొగై తమెజో గారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది వేరే ఇంటిపేరు పెట్టుకుంది. చిన్నది ఇంట్లోనే ఉంది."

"ఎందుకు చేశావు మినొరీ? నా మీద కోపంతోనా?"

"కోపం ఉంది. కోపంతో చెయ్యలేదు." ఆ పిల్ల తడి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. "నాన్న ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు మురోయి. ఆ ఇంట్లోంచి వచ్చేశాక కూడా నువ్వు మురోయి. నిన్ను నిన్నుగా నేనెప్పుడూ చూడలేదు. ఇసొగై చిగుసా ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నేను ముందు వెళ్ళి నిలబడితే వెనకాలే వస్తావనుకున్నా."

చిగుసా లేచి కూతురి దగ్గరికి వెళ్ళింది. చల్లటి ఆ చేతులు పట్టుకుంది. మినొరి వదిలించుకోలేదు, దగ్గరికీ రాలేదు.

"మీ నాన్నమ్మకు తెలుసా?"

"లేదు. నాన్నకీ తెలీదు."

"శనివారం ఆవిడ మనింటికి వచ్చింది. పేరు తిరిగి ఇచ్చెయ్యమని అడగడానికి వచ్చింది."

"సరిపోయిందిగా. నేను ఇచ్చేశాను."

"ఆవిడ అడిగింది నన్ను. నిన్ను కాదు. నువ్వు..." కొత్త కుర్రాళ్ళకి ఫోటో చూపిస్తోందన్న మాట గొంతులోనే ఉండిపోయింది.

అప్పుడే చిగుసా సంచిలో ఫోను మోగింది. తీసి చూసింది. తెరమీద 'అత్తయ్య' అని వెలుగుతోంది. విడాకులయ్యాక ఆ మాట మార్చాలని ఆమెకు తట్టలేదు.

"ఎక్కడున్నావు?" అంది సుమియె. "ఆ చప్పుడేమిటి, సముద్రమా?"

"మా నాన్న దగ్గరున్నానండి."

"మినొరి పక్కనుందా?"

"ఉంది."

"మంచిది. విను. నిన్నంతా ఒక్కదాన్నే కూర్చుని ఆలోచించాను. శనివారం కాస్త ఎక్కువే అన్నాను. పేరు ఉంచుకో. నా మాటతో పనిలేకుండానే నువ్వు ఉంచుకోవచ్చు, నాకు తెలుసు. అయినా నా నోటితో చెప్పాలనిపించింది."

"అత్తయ్యగారూ, నేను..."

"ముందు నన్ను చెప్పనీ. మినొరి మురోయి. రేపు కొట్టు దానిది. దాని తల్లి ఇంకో పేరుతో తిరుగుతుంటే ఊళ్ళో ఏం బాగుంటుంది? దాని మొహం చూసి నీ మీద కోపం వదిలేశాను. లోకం ఎలా కొలుచుకుంటే అలా కొలుచుకోనీ. మా సీసా మీద పేరు నిలబెట్టడానికి పిల్ల ఉంది, చాలు."

చిగుసా ఏదో అనబోతే అవతల సుమియె సంబరంగా అడ్డుపడింది. ఆ గొంతులో అంత సంబరం ఆమె ఎన్నేళ్ళ నుంచో వినలేదు.

"వచ్చే నెల పీపాలు తెరుస్తాం. ఈసారి తొలి గరిటె దాని చేత తీయిద్దామని పీపాల మేస్త్రీకి చెప్పేశాను. ముసలాయన ఎంత మురిసిపోయాడో. ఫోను దానికివ్వు, నేనే చెబుతాను."

తమెజో వంగి పొయ్యి ఆపేశాడు. చిగుసా ఫోను కూతురి వైపు చాచింది. ఇవ్వక తప్పదు కనుక చాచింది. చెప్పెయ్యమనాలో, ఇవాళ్టికి ఊరుకోమనాలో ఆమెకే తెలియలేదు.

మినొరి ఏప్రనుకు చెయ్యి మరోసారి తుడుచుకుని ఫోను అందుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎవరక్కడ, మా మురోయి మినొరిగారేనా?" అని నాన్నమ్మ ఇంటిపేరుతో సహా గారంగా పిలవడం పక్కనున్న ఇద్దరికీ వినిపించింది.

మినొరి తల్లి మొహంలోకి చూసింది. ఆ పేరుకు పలకలేదు.